ఇద్దరు మన్రోలు

మన్రో అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది దత్తమండలాల కలెక్టరుగా పేరొందిన సర్ థామస్ మన్రో. 1823లో ఆయన మద్రాసు గవర్నరు. ఆ ఏడాది అమెరికా అధ్యక్షుడూ మన్రోయే, జేమ్స్ మన్రో. ఈ ఇద్దరి కాలంలో, అదే సంవత్సరంలో, రెండు దేశాల దారులు ఎంత వేరయ్యాయో చూడండి.

ముందు మన ఇంటి సంగతి. 1753లో సలాబత్ జంగ్ ఏలూరుతో సహా నాలుగు సర్కారులను సైన్యం ఖర్చుల కింద ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చేశాడు. 1758లో విజయనగరం రాజు ఆనంద గజపతి ఫ్రెంచివాళ్ళను వెళ్ళగొట్టడానికి ఇంగ్లీషువాళ్ళను పిలిచాడు. చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు ఓడారు. సాయానికొచ్చినవాళ్ళు మాత్రం తిరిగి వెళ్ళలేదు. 1766 సంధితో ఉత్తర సర్కారులపై హక్కు కంపెనీకి దక్కింది, నిజాముకు పేష్కషు మిగిలింది. 1798, 1800 ఒప్పందాలతో నిజాం కంపెనీ పటాలాలను తన ఖర్చుతో పోషిస్తూ, ఇతర రాజ్యాలతో స్వతంత్రంగా వ్యవహరించే హక్కు పోగొట్టుకున్నాడు. 1823లో ఆ పేష్కషు హక్కును కూడా కంపెనీ ఒకేసారి సొమ్ము చెల్లించి కొనేసింది.

అమెరికావాళ్ళూ పరాయి సాయం తీసుకున్నవాళ్ళే. 1781లో ఫ్రెంచివాళ్ళ అండతో యార్క్‌టౌన్‌లో కారన్‌వాలిస్‌ను లొంగదీశారు. ఆ కారన్‌వాలిస్సే ఇక్కడ గవర్నర్ జనరల్‌గా ఉండగా, 1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికొచ్చింది. కానీ 1793లో ఫ్రాన్సు, బ్రిటన్ యుద్ధానికి దిగితే వాషింగ్టన్ ఎవరి పక్షమూ చేరలేదు. 1812లో బ్రిటన్‌తో మొదలైన యుద్ధం ముగిసేసరికి రాష్ట్రాల అభిమానం మీద దేశాభిమానం పెరిగింది. 1823 డిసెంబరు 2న మన్రో, అమెరికా ఖండాల్లో ఇకపై కొత్త వలసలు వద్దని యూరపు రాజ్యాలకు చెప్పాడు. నిజానికి ఆ మాట నిలబెట్టే నౌకాబలం వాళ్ళకు అప్పటికి లేదు. బ్రిటన్ ప్రయోజనం కూడా అందులో ఉండటం కలిసొచ్చింది.

అలాగని వాళ్ళను ఆకాశానికెత్తనక్కర్లేదు. 1803లో లూసియానాను ఫ్రాన్సు దగ్గర కొన్నప్పుడు అక్కడి ఆదివాసులను ఎవరూ అడగలేదు. సర్కారులు చేతులు మారినప్పుడు కొల్లేటి ఒడ్డు రైతునూ ఎవరూ అడగలేదు. శిస్తు ఎవరికి కట్టాలో మాత్రం చెప్పారు.

మన జాతీయత ఆ లోటులోంచే పెరిగింది. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ కోటి మంది సభ్యులు, కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది. అంటే రాజుల సంతకాలు కాదు, మామూలు మనిషి పేరు, అతని అణా, అతని చేతిపని కావాలంది.

బడిలో మనం సంధుల తేదీలు బట్టీపట్టాం. ఇప్పటి పిల్లలకు తేదీతో పాటు ఒక ప్రశ్న కూడా నేర్పమని మా ఉపాధ్యాయులకు మనవి: ఆ సంతకం పడినప్పుడు, ఆ నేల మీద ఉన్నవాళ్ళను ఎవరైనా అడిగారా?