ఖజానా లేని ప్రధాని

యుగోస్లావియా ఎందుకు ముక్కలైందని అడిగితే చాలామంది ఒకటే మాట చెబుతారు: సెర్బులు, క్రొయేట్లు, బోస్నియా ముస్లింల మధ్య పగలు పాతవి, దేశాధినేత టిటో పోయాక అవి భగ్గుమన్నాయని. ఆ దేశపు చివరి ప్రధానుల్లో ఒకరైన ఆంటె మార్కోవిచ్ అనుభవం చూస్తే ఈ జవాబు నాకు చాలదనిపిస్తుంది. 1989 మార్చిలో ఆయన పదవిలోకి వచ్చారు. ఆ ఏడాది చివరికి ద్రవ్యోల్బణం 2,000 శాతం దాటింది. 1990 జనవరి 1న పాత దినార్లు 10,000 ఇస్తే కొత్త దినారు ఒకటి వచ్చేలా కరెన్సీ మార్చి, 7 దినార్లకు ఒక జర్మన్ మార్కు అని ఖాయం చేశారు. కొన్ని నెలల్లోనే ధరలు నిలబడ్డాయి. బోస్నియాలో పుట్టి, జాగ్రెబ్‌లో రాడె కొంచార్ ఫ్యాక్టరీని నడిపిన ఈ క్రొయేటును అన్ని జాతులవాళ్లూ మెచ్చుకున్నారు. జనం పగతోనే బతుకుతుంటే ఆ ఆదరణ ఎక్కడి నుంచి వచ్చినట్టు?

లోపం పదవిలోనే ఉంది. 1974 రాజ్యాంగం అధికారాన్ని ఆరు రిపబ్లిక్కులకూ రెండు ప్రావిన్సులకూ పంచిపెట్టింది. ప్రతి రిపబ్లిక్కుకూ సొంత జాతీయ బ్యాంకు ఉండేది. సైన్యం సామూహిక అధ్యక్షవర్గం కింద ఉండేది, ప్రధాని కింద కాదు. ఈ ఏర్పాటు ఎంత డొల్లదో 1990 చివర తేలిపోయింది. సెర్బియా ప్రభుత్వం సమాఖ్య బ్యాంకు అనుమతి లేకుండానే సుమారు 1,800 కోట్ల దినార్లు పుట్టించుకుంది. సంగతి జనవరిలో బయటపడింది, కానీ ఆ డబ్బు వెనక్కి రప్పించే మార్గం ప్రధానికి లేదు. ఏడాదిపాటు కష్టపడి కట్టిన గట్టుకు ఇంట్లోవాళ్లే గండి కొట్టారు.

పార్టీ పెట్టడంలో ఆలస్యం చేశారు కదా అంటారు. నిజమే. 1990 జులైలో కొజారా కొండ మీద ఆయన సంస్కరణ శక్తుల కూటమిని ప్రకటించేసరికే స్లొవేనియా, క్రొయేషియాల్లో ఎన్నికలు ముగిశాయి. కానీ ఆ ఏడాది ఆరు రిపబ్లిక్కుల్లోనూ ఎన్నికలు జరిగాయి, సమాఖ్యకు మాత్రం జరగలేదు. దేశం మొత్తాన్ని ఓటడిగే అవకాశమే ఆయనకు రాలేదు. నవంబరులో బోస్నియాను మూడు జాతుల పార్టీలే ఊడ్చుకుపోయాయి. మరో ఆక్షేపణ ఇంతకంటే బరువైంది: 1991 జూన్‌లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న స్లొవేనియా సరిహద్దుకు సైన్యాన్ని పంపే నిర్ణయంలో ఆయన ప్రభుత్వానికీ పాత్ర ఉంది. అది తప్పే, కప్పిపుచ్చలేం. అయితే ఒకసారి కదిలిన సైన్యం మళ్లీ ఆయన మాట వినలేదు. సెప్టెంబరులో రక్షణమంత్రి కదియెవిచ్‌ను మార్కోవిచ్ రాజీనామా చేయమంటే ఆ మంత్రి కదల్లేదు. అక్టోబరు 7న జాగ్రెబ్‌లోని క్రొయేషియా అధ్యక్ష భవనం బాన్‌స్కీ ద్వోరీ మీద రాకెట్లు పడ్డప్పుడు మార్కోవిచ్ అక్కడే ఉన్నారు. డిసెంబరు 20న రాజీనామా చేశారు.

సెర్బియా, మాంటెనెగ్రోలతో మిగిలిన యుగోస్లావియాలోనూ ఇదే జరిగింది. 1992 జులైలో ప్రధాని అయిన మిలాన్ పానిచ్ అమెరికాలో మందుల కంపెనీ నడిపిన వ్యాపారి, యుద్ధం ఆపాలని పట్టుబట్టినవాడు. పోలీసు బలగం మాత్రం సెర్బియా అధ్యక్షుడు మిలోషెవిచ్ చేతిలో ఉంది. అక్టోబరులో సెర్బియా పోలీసులు బెల్‌గ్రేడ్‌లోని సమాఖ్య హోంశాఖ భవనాన్నే ఆక్రమించారు. ప్రధాని దాన్ని తిరిగి తెచ్చుకోలేకపోయారు. డిసెంబరు చివర అవిశ్వాస తీర్మానం ఆయన్నూ దించేసింది.