కీ పోతే ఫైలు పోయినట్టే: ఎన్‌క్రిప్షన్ అర్ధశతాబ్ది

కంప్యూటర్‌లోని సమాచారాన్ని ఇతరులకు అర్థం కాని రూపంలోకి మార్చడాన్ని ఎన్‌క్రిప్షన్ అనీ, దానిని తిరిగి చదవదగిన రూపానికి తేవడాన్ని డీక్రిప్షన్ అనీ అంటారు. ఈ రెండూ ‘కీ’ అనే రహస్య సంఖ్య మీద ఆధారపడి ఉంటాయి. మార్చే పద్ధతి శత్రువుకు తెలిసిపోయినా కీ ఒక్కటి గోప్యంగా ఉంటే చాలునన్న సూత్రాన్ని గూఢలిపి శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ కెర్కాఫ్స్ 1883లోనే ప్రతిపాదించాడు. కంప్యూటర్ యుగపు ఎన్‌క్రిప్షన్ చరిత్రను పరిశీలిస్తే, భద్రత దెబ్బతిన్న ప్రసిద్ధ సందర్భాల్లో గణితం ఓడినవి తక్కువనీ, కీని నిర్ణయించడంలోనో, వాడడంలోనో, భద్రపరచడంలోనో జరిగిన పొరపాట్లే ఎక్కువనీ తెలుస్తుంది.

అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 1973లో ప్రభుత్వ సమాచార రక్షణకు ఒక ఉమ్మడి పద్ధతి కావాలని ప్రకటించగా, ఐబీఎం సంస్థలో హార్స్ట్ ఫైస్టెల్ రూపొందించిన లూసిఫర్ ఆధారంగా తయారైన పద్ధతి డీఈఎస్ అనే పేరుతో 1977లో ప్రమాణమైంది. అందులో రెండు అంశాలు వివాదాస్పదమయ్యాయి: బిట్లను వేరే బిట్లుగా మార్చే ఎస్-బాక్సులనే పట్టికలను ఎలా ఎంపిక చేశారో చెప్పకపోవడం ఒకటి, కీని 56 బిట్లకే పరిమితం చేయడం మరొకటి. పట్టికల్లో అమెరికా గూఢచారి సంస్థ దొంగదారి పెట్టి ఉంటుందన్న అనుమానం ఏళ్ల తరబడి సాగింది. కానీ 1990 ప్రాంతంలో పరిశోధకులు బిహామ్, షమీర్ ఒక కొత్త విశ్లేషణ పద్ధతిని వెల్లడించినప్పుడు, ఆ పట్టికలు దానిని తట్టుకునేలా ముందే తీర్చిదిద్దినవని తేలింది. ఆ పద్ధతి తమకు 1974 నాటికే తెలుసునని ఐబీఎం శాస్త్రవేత్త డాన్ కాపర్‌స్మిత్ 1994లో వివరించాడు. కీ చిన్నదంటూ గూఢలిపి పరిశోధకులు డిఫీ, హెల్‌మన్‌లు లేవనెత్తిన అభ్యంతరం మాత్రం అక్షరాలా నిజమైంది: 1998లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ రెండున్నర లక్షల డాలర్లలోపు ఖర్చుతో నిర్మించిన యంత్రం, ఒక్కొక్క కీనే ప్రయత్నిస్తూ, 56 గంటల్లో సరైనదాన్ని పట్టుకుంది. ఆ తర్వాత బహిరంగ పోటీలో నెగ్గిన బెల్జియన్ల రైండాల్ పద్ధతి 2001లో ఏఈఎస్ ప్రమాణమై, 128 బిట్లు మొదలు 256 బిట్ల వరకు కీలను అనుమతించింది.

పెద్ద కీ ఉన్నంత మాత్రాన వాడకం సరిగ్గా ఉంటుందని కాదు. డీఈఎస్ సమాచారాన్ని ఎనిమిదేసి బైట్ల ముక్కలుగా తీసుకుంటుంది. ప్రతి ముక్కనూ విడిగా మారిస్తే ఒకే ముక్క ప్రతిసారీ ఒకే గూఢరూపాన్ని ఇస్తుంది కనుక, ముక్కలను ఒకదానితో ఒకటి ముడివేసే విధానాలను 1980లోనే ప్రమాణంగా ప్రకటించారు. అయినా 2013లో అడోబ్ సంస్థ నుంచి బయటపడిన డేటాబేస్‌లో, సుమారు 15 కోట్ల ఖాతాల పాస్‌వర్డ్‌లు డీఈఎస్‌ను మూడుసార్లు అమలుచేసే ట్రిపుల్ డీఈఎస్‌తో, ముక్కలు ముడివేయని పద్ధతిలోనే ఉన్నాయి. ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న లక్షల మందికి ఒకే గూఢరూపం కనిపించింది. పాస్‌వర్డ్ గుర్తుచేసుకునేందుకు వాడుకరులు రాసుకున్న సూచనలు పక్కనే మామూలు అక్షరాల్లో ఉండడంతో, ఒకరి సూచన అందరి గుట్టూ విప్పింది. కీ ఎవరికీ చిక్కకుండానే 123456 అన్న పాస్‌వర్డ్‌ను దాదాపు 19 లక్షల మంది వాడారని పరిశోధకులు లెక్కగట్టగలిగారు. నిజానికి పాస్‌వర్డ్‌లను తిరిగి విప్పగలిగేలా దాచడమే మొదటి తప్పు. వాటిని వెనక్కి తేలేని హ్యాష్ రూపంలో మాత్రమే ఉంచాలి.

కీ పుట్టుకలో దొర్లిన దోషం ఇంతకన్నా కంటికి కనబడనిది. డెబియన్ లినక్స్‌లో 2006లో, ఒక పరీక్షా సాధనం ఇచ్చిన హెచ్చరికను తొలగించే ప్రయత్నంలో, కీలను తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్రోగ్రాంలో యాదృచ్ఛిక సంఖ్యలకు మూలమైన కోడ్ వరుసను తీసివేశారు. దానితో అనూహ్యతకు ప్రాసెస్ నంబరొక్కటే మిగిలి, ఒక్కో రకం కంప్యూటర్‌పై ఒక్కో పరిమాణంలో పుట్టగల కీలు 32,767కు పడిపోయాయి. 2008 మే వరకు ఈ సంగతి బయటపడలేదు.

పరాయివాడు చదవడం ఒక నష్టమైతే, సొంతదారే చదవలేకపోవడం మరొకటి; సామాన్య వాడుకరికి తరచుగా ఎదురయ్యేది ఈ రెండోదే. విండోస్ 2000తో వచ్చిన ఈఎఫ్‌ఎస్ అనే ఫైళ్ల ఎన్‌క్రిప్షన్ విధానంలో ప్రతి ఫైలుకూ వేరే కీ ఉంటుంది, దానిని వాడుకరి సొంత కీ కాపాడుతుంది, ఆ సొంత కీకి లాగిన్ పాస్‌వర్డ్ రక్షణ. అందువల్ల విండోస్ ఎక్స్‌పీలో పాస్‌వర్డ్‌ను అడ్మినిస్ట్రేటర్ చేత రీసెట్ చేయించుకున్నవారికీ, కీ నకలు తీయకుండా విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసినవారికీ, ఆకుపచ్చ రంగులో ఫైలు పేర్లు కనబడుతూనే ఉన్నా లోపలి విషయం అందలేదు. విస్టాతో మొదలైన బిట్‌లాకర్ మొత్తం డ్రైవ్‌నే ఎన్‌క్రిప్ట్ చేస్తూ, ఇలాంటి అవసరానికి 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది. మదర్‌బోర్డు మార్చినప్పుడు కంప్యూటర్ అడిగేది దానినే. ఆ అంకెల నకలును డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే రోజునే, అదే డ్రైవ్‌లో కాకుండా వేరే చోట భద్రపరచుకోవాలి.