ఎండకు ఓర్వని చర్మము

సూర్యరశ్మి ఆరోగ్యమునకు ఆధారమని అందరూ ఎరిగినదే. పసిబిడ్డలకు నూనె రాచి లేత ఎండలో పరుండబెట్టుట మన ఇండ్లలో పాత అలవాటు. కాని లోకములో కొద్దిమంది పిల్లలు ఆ లేత ఎండకు సైతము ఓర్వలేరు. పది నిమిషముల ఎండకే కొందరి చర్మము కమిలిపోయి, బొబ్బలెక్కి, మానుటకు వారములు పడుతుంది. రెండేండ్లు నిండకముందే ముఖముపైన, చేతులపైన నల్లని మచ్చలు దట్టముగా లేస్తాయి. చర్మము ఎండి ముడుతలు పడుతుంది. బడికి పోయే ఈడు రాగానే, సామాన్యముగా అరువదేండ్లు దాటినవారిలో కనబడే చర్మపు కేన్సరు ఆ పిల్లలకు వస్తుంది.

ఈ వ్యాధిని మొదట వర్ణించినవారు వియన్నా నగరపు వైద్యులు హెబ్రా, కపోసీలు. కపోసీ హెబ్రాకు శిష్యుడే కాక అల్లుడు కూడ. వారిరువురు కలిసి రచించిన చర్మవ్యాధుల గ్రంథములో, 1874 నాటికే దీని ప్రస్తావన ఉన్నది. 1882లో కపోసీ దీనికి జెరోడెర్మా పిగ్మెంటోసమ్ అని పేరు పెట్టారు. మచ్చలు పడిన పొడి చర్మమని దాని అర్థము. పేరయితే పెట్టారు గాని కారణము తెలియలేదు. ఒక కుటుంబములోనే అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు వస్తున్నదనియు, ఎండ సోకినచోటనే వ్యాధి ముదురుతున్నదనియు గమనించినారు. అంతకుమించి తొంబది యేండ్లపాటు వైద్యశాస్త్రము ముందుకు పోలేదు.

అందులో ఆశ్చర్యమేమీ లేదు. అమెరికాలో ఈ వ్యాధి పది లక్షల మందిలో సుమారు ఒకరికి మాత్రమే వస్తుంది. ఇంత అరుదైన రోగమునకు మందు వెదకి లాభము గడించగల వర్తకుడెవడు? చివరకు దీని మర్మము బయటపడినది ప్రభుత్వ ధనముతోనే. అయితే ఆ ధనము ఈ రోగము కొరకు కేటాయించినది కాదు. చర్మముతో గాని వైద్యముతో గాని సంబంధము లేనట్లు కనబడే ఒక శాఖ నుండి అది వచ్చినది. అదే అమెరికా పరమాణుశక్తి సంఘము.

1946లో చట్టము ద్వారా ఏర్పడిన ఈ సంఘము బాంబులు తయారు చేయించేది. ఆ బాంబుల కిరణములు జీవులకు చేసే హానిని పరిశోధించుటకు ధనము కూడ ఇచ్చేది. ఒక చేతితో గాయముచేసి రెండవ చేతితో కట్టుకట్టుట వంటిదని ఎవరయినా అంటే కాదనలేము. కాని ఆ రెండవ చేతి పని చాల గట్టిది. యుద్ధకాలములో బాంబు నిర్మాణము కొరకు టెన్నెసీ రాష్ట్రములో కట్టిన ఓక్ రిడ్జ్ పట్టణములో, తరువాత ఒక గొప్ప జీవశాస్త్ర విభాగము వెలసినది. భౌతికశాస్త్రము చదివి జీవశాస్త్రమునకు మళ్లిన రిచర్డ్ సెట్లో అక్కడ పనిచేశారు.

సెట్లో చేసిన పని అర్థము కావాలంటే డి.ఎన్.ఎ. సంగతి కొంచెము తలచుకోవాలి. జీవకణములో వంశలక్షణములను మోసే ఈ పదార్థము, మెలితిరిగిన రెండు పేటల తాడు వంటిది. పేటల మధ్య ఎడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనే నాలుగు రకముల అణువులు జతలుగా అమరి ఉంటాయి. అతినీలలోహిత కిరణములు తగిలినప్పుడు ఒకే పేటలో పక్కపక్కన ఉన్న రెండు థైమిన్‌లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అచ్చుపనిలో రెండు అక్షరములు అంటుకొనిపోయినట్లన్నమాట. ఆ చోట కణము తన వ్రాతను సరిగా చదువుకోలేదు, నకలు తీసుకోలేదు.

కొన్ని బాక్టీరియములు ఈ కిరణములకు చచ్చిపోతాయి, వాటికి దగ్గరి బంధువులైనవి మరికొన్ని తట్టుకొంటాయి. ఎందుచేత? 1964లో సెట్లో, ఆయన సహచరుడు కారియర్ దీనికి జవాబు చెప్పారు. తట్టుకొనే బాక్టీరియములలో అతుకుపడిన థైమిన్‌లు పొడవైన పేటనుండి మాయమై చిన్న ముక్కలలో కనిపించినవి. అనగా కణము చెడినచోటును కత్తిరించి పారవేస్తున్నది! ఆ సంవత్సరమే యేల్ విశ్వవిద్యాలయములో బాయిస్, హోవర్డ్-ఫ్లాండర్స్ ఇదే విషయమును కనుగొన్నారు. స్టాన్‌ఫర్డులో పెటిజాన్, హానవాల్ట్ మిగిలిన సగము చూపించారు. ఎదుటి పేటను చూచుకొని కణము ఆ ఖాళీని తిరిగి పూడ్చుకొంటున్నది. చిరిగిన బట్టకు రఫూ చేసినట్లే ఈ పని జరుగుతుంది.

ఇంతవరకు ఇది బాక్టీరియముల కథ. మనుష్యునికి దీనితో ఏమి పని అని అడిగేవారు ఆనాడు లేకపోలేదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ ఫ్రాన్సిస్కో వైద్యశాఖలో, పరమాణుశక్తి సంఘపు ధనముతో నడిచే వికిరణ జీవశాస్త్ర ప్రయోగశాల ఒకటి ఉండేది. ఇంగ్లండు నుండి వచ్చిన జేమ్స్ క్లీవర్ అనే యువకుడు అందులో పనిచేసేవారు. మరమ్మతు చేసుకోలేని బాక్టీరియములు దొరికినట్లే, మరమ్మతు చేసుకోలేని క్షీరద కణము దొరికితే బాగుండునని ఆయన కోరిక. లక్షలాది కణములను పెంచి, చెరచి, ఒక్కొక్కదానినే పరీక్షించుట ఒక మార్గము. అది ఎప్పటికి తెమిలేను? ఇంతలో 1967లో ఆ ఊరి దినపత్రికలో, ఎండవలన కేన్సరు వచ్చే అరుదైన వంశపారంపర్య వ్యాధిని గురించిన వార్త ఒకటి ఆయన కంటబడినది. తాను వెదకుతున్న కణములను ప్రకృతియే సిద్ధముచేసి ఉంచినదేమో అని ఆయనకు తోచినది.

రోగుల చర్మపు ముక్కలు సంపాదించి వాటి కణములను గాజుపాత్రలలో పెంచారు. అతినీలలోహిత కిరణములు సోకించి, పిదప ట్రిటియమ్ కలిపిన థైమిడిన్‌ను ఆహారముగా ఇచ్చారు. ట్రిటియమ్ అంటే రేడియోధార్మికత గల హైడ్రోజన్; హైడ్రోజన్ బాంబులో వాడే సరుకే. రఫూ జరిగే కణములో ఆ థైమిడిన్ చేరుతుంది. అటువంటి కణముపై ఫోటో పూత పూసి చీకటిలో ఉంచితే నల్లని చుక్కలు పడతాయి. ఆరోగ్యవంతుల కణములపై చుక్కలు పడినవి. రోగుల కణములపై చాల తక్కువగా పడినవి. 1968 మే నెలలో నేచర్ పత్రికలో ఈ ఫలితము వెలువడినది. మరుసటి ఏడు సెట్లో, ఆయన సహచరులు ఈ కణములను పరీక్షించి, లోపము మొట్టమొదటి మెట్టులోనే ఉన్నదని చూపించారు. అక్కడ కత్తిరింపే జరుగుటలేదు.

కేన్సరునకు కారణము డి.ఎన్.ఎ.లో కలిగే మార్పులా, వైరసులా, మరొకటియా అని ఆనాడు పెద్ద వాదము నడుస్తుండేది. డి.ఎన్.ఎ. మరమ్మతు లేనివారికి కేన్సరు విపరీతముగా వస్తున్నదంటే, మార్పుల పక్షమునకు మనుష్యులలోనే దొరికిన బలమైన సాక్ష్యమది. శతాబ్దము క్రిందట వియన్నాలో చూచిన మచ్చలకు అర్థము ఇప్పుడు తెలిసినది.

ఇక ఈ మరమ్మతు ఎన్ని చేతుల పని? 1972లో హాలెండు దేశపు రాటర్‌డామ్‌లో బూట్స్మా బృందము ఇద్దరు రోగుల కణములను కలిపి ఒకే కణముగా చేసింది. విడివిడిగా చేతకాని పని కొన్ని జంటలలో జరిగిపోయినది! మన పెద్దలు చెప్పే అంధపంగు న్యాయము ఇదే. గ్రుడ్డివాడు కుంటివానిని మోస్తాడు, కుంటివాడు దారి చెప్పుతాడు. ఒకరిలో చెడిన జన్యువు, మరొకరిలో చెడిన జన్యువు వేరువేరన్నమాట. ఈ విధముగా క్రమముగా ఏడు వర్గములు తేలినవి. ఎనిమిదవ రకము రోగులలో కత్తిరింపు సరిగానే జరుగుతుంది. దాని కారణము 1999లో గాని బయటపడలేదు. చెడినచోటును దాటి నకలు తీయగల ఒక ప్రత్యేక ఎంజైము వారిలో లోపించినది.

ఆ తరువాతి భారమును ఎక్కువగా మోసినది బెథెస్డాలోని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు. 1937లో చట్టము ద్వారా స్థాపించిన జాతీయ కేన్సరు సంస్థ వీటిలో ఒకటి. 1971 నుండి 2009 వరకు అక్కడ 106 మంది రోగులను పరిశీలించారు. వారికి మొదటి చర్మ కేన్సరు వచ్చిన నడిమి వయస్సు 9 ఏండ్లు. ఇరువదేండ్లలోపు వారిలో మెలనోమా కాని చర్మ కేన్సర్లు ఇతరులకంటె 10,000 రెట్లు అధికము. సుమారు నాలుగవ వంతు మందిలో నరములు, మెదడు క్షీణించి చెవుడు కూడ వచ్చినది. ఎండ చొరని మెదడునకు ఈ చేటు ఎందుకు? డి.ఎన్.ఎ.ను చెరచేది ఎండ ఒక్కటే కాదు.

1988లో క్రేమర్, ఆయన సహచరులు ఐదుగురు రోగులకు ఐసోట్రెటినాయిన్ అనే మందు రెండేండ్లు ఇచ్చి చూశారు. అంతకు ముందటి రెండేండ్లలో ఆ ఐదుగురికి 121 కేన్సరు గడ్డలు లేచినవి. మందు తినిన కాలములో 25 మాత్రమే. మందు ఆపగానే గడ్డలు మళ్లీ విజృంభించినవి. అదిగాక ఆ మందు చేసే కీడు కూడ తక్కువది కాదు. ఐదుగురితో ఏమి తేలుతుందని అనిపించవచ్చు. కాని కేన్సరును రాకముందే మందుతో అడ్డగించవచ్చునని చూపుటకు ఆ ఐదుగురు చాలినారు.

ఈ పరిశోధన ఫలము ఆరోగ్యవంతులకు కూడ అందినది. 1991లో యేల్‌లో బ్రాష్ బృందము సామాన్యుల చర్మ కేన్సర్లను పరీక్షించగా, పి53 అనే జన్యువులో అతినీలలోహిత కిరణములు మాత్రమే వదలే ప్రత్యేకమైన గుర్తు కనబడినది. నేరస్థుని వేలిముద్ర దొరికినట్లయినది. మరమ్మతు యంత్రాంగమును వివరించిన అజీజ్ సాన్కార్‌కు, ఇతర మరమ్మతు విధానములను కనుగొన్న లిండాల్, మోడ్రిచ్‌లకు 2015లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. పరమాణుశక్తి సంఘము మాత్రము అప్పటికి నలువదేండ్ల క్రిందటనే, 1975 ఆరంభములో, రద్దయిపోయినది.

చెడిన జన్యువు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండును వచ్చినప్పుడే బిడ్డకు ఈ వ్యాధి కలుగుతుంది. ఒక్కటే ఉన్నవారు ఆరోగ్యముగానే ఉంటారు. దగ్గరి బంధువులు పెండ్లాడినచోట రెండును కలిసే అవకాశము హెచ్చు. మేనరికములు వాడుకలో ఉన్న తెలుగుదేశములో ఇది తెలిసియుండవలసిన సంగతి.

వ్యాధిని పూర్తిగా కుదుర్చు మందు ఇంకను లేదు. ఈ పిల్లల ఇండ్లలో కిటికీ అద్దములకు కిరణములను ఆపే పొరలు అంటిస్తారు. వారు పగలు బయటికి పోవలసివస్తే ముఖమునకు ముసుగు, చేతులకు తొడుగులు ధరిస్తారు. కొన్ని నెలలకొకసారి వైద్యుడు ఒళ్లంతా పరీక్షించి, గడ్డలు చిన్నవిగా ఉన్నప్పుడే తీసివేస్తాడు. ఎండ తగలక విటమిన్ డి తక్కువగుట వలన దానిని మాత్రల రూపములో ఇస్తారు.