రంపపు పొట్టులో సముద్రము దాటిన మంచు

ఒక చిన్న ప్రశ్నతో ఈ ప్రసంగమును ఆరంభించెదను. మంచుగడ్డకు కంబళి కప్పినచో అది త్వరగా కరగునా, ఆలస్యముగా కరగునా? నాకు ఈ ప్రశ్న వేసినది బడిలోని పంతులుగారు కాదు. మా తండ్రిగారి జ్వరము.

అప్పటికి నాకు పదునాలుగేండ్లు. వైశాఖ మాసము. మూడు దినములుగా మా తండ్రిగారికి జ్వరము తగ్గక, ఆ రాత్రి సంధిమాటలు మొదలయ్యెను. తలపై మంచుగడ్డ నుంచవలెనని వైద్యుడు చెప్పెను. మంచు దొరకు పట్టణము మాకు ఐదు క్రోసుల దూరము. తెల్లవారకముందే పాలేరుతో బండి కట్టించుకొని పోయి ఒక పెద్దగడ్డ కొంటిని. అంగడివాడు దానిని రంపపు పొట్టులో పొర్లించి, గోనెలో చుట్టి, ఇల్లు చేరువరకు విప్పవద్దని మరి మరి చెప్పెను. దారిలో ఎండ ముదిరెను. నాకొక దుర్బుద్ధి పుట్టెను. గోనె కప్పుకొన్న మనుష్యునకు వెచ్చదనము కలుగుచుండగా మంచునకు మాత్రము కలుగదా? వెంటనే మూట విప్పి, పొట్టు దులిపి, ఉదయమున చేతికి చల్లగా తగిలిన ఇత్తడి గంగాళములో ఆ గడ్డ నుంచితిని. ఇల్లు చేరునప్పటికి గంగాళమున నీరు మాత్రమే మిగిలెను. మా అమ్మ ఒక్కమాటయు అనలేదు. ఆ నీటిలోనే గుడ్డ తడిపి ఆయన నొసట వేయుచు కూర్చుండెను. దైవానుగ్రహమున మా తండ్రిగారు బ్రతికిరి. కాని ఆ గంగాళము నేటికిని నా కన్నులయెదుటనే యున్నది.

నేను చేసిన పొరపాటు ఏది? కంబళి వేడిని పుట్టించునని నమ్ముట. కంబళి వేడిని పుట్టింపదు. దాని రాకపోకలను అడ్డగించును. లోపల వెచ్చని దేహమున్నచో ఆ వెచ్చదనమును బయటికి పోనీయదు. లోపల మంచున్నచో బయటి వేడిని లోనికి రానీయదు. కావలివాడు ఒక్కడే, కాపాడబడు వస్తువులే వేరు. ఈ సంగతిని శోధించి నిరూపించినవారిలో రంఫర్డు ప్రభువని పేరొందిన బెంజమిన్ థాంప్సన్ ముఖ్యుడు. ఉన్ని, బొచ్చు మొదలగువాని పోగులనడుమ చిక్కుకొని కదలలేని గాలియే అసలు అడ్డుగోడ యని ఆయన 1792లో ప్రకటించెను. రంపపు పొట్టునను, వరిగడ్డియందును, ఊకయందును ఉన్న గుణము అదియే. ఇత్తడి మాట వేరు. లోహములు వేడిని ఒక కొననుండి మరియొక కొనకు వేగముగా చేరవేయును. అందుచేతనే అట్లకాడకు కొయ్యపిడి వేయుదుము. ఇత్తడి చేతికి చల్లగా తగులుటయు అది మన చేతి వేడిని లాగికొనుట వలననే. ఆ చల్లదనమును నమ్మి నేను మోసపోతిని.

వేడి నడచు త్రోవలు మూడు. ఒకటి, వస్తువునుండి దానిని తాకిన వస్తువునకు ప్రాకుట, దీనిని వహనమందురు. రెండవది, వేడెక్కిన గాలియో నీరో పైకి లేచి, చల్లనిది క్రిందికి దిగి, ఆ ప్రవాహముతో వేడి తరలుట, ఇది సంవహనము. అన్నమునకు పెట్టిన ఎసరు తెర్లునప్పుడు దీనిని చూచుచున్నాము. మూడవది, నడుమ ఏ వస్తువును లేకున్నను కిరణములై పోవుట, ఇది వికిరణము. సూర్యుని వేడి మనకు చేరునది ఈ త్రోవనే. చలిమంటకు ఎదురుగా కూర్చున్నవాని ముఖము కాలుచుండ వీపు చలితో వణకుటకు కారణమును ఇదియే.

ఈ పేర్లు శాస్త్రజ్ఞులు పెట్టకముందే మనదేశపు పనివారు ఈ మూడింటితోను వ్యవహరించిరి. అలహాబాదు ప్రాంతమున మంచు తయారుచేయు విధానమును సర్ రాబర్టు బార్కరు 1775లో లండను రాయల్ సొసైటీకి వివరించెను. విశాలమైన మైదానమున రెండడుగుల లోతు గుంటలు త్రవ్వి, చెరకు పిప్పియో ఎండిన జొన్నచొప్ప వంటిదో జానెడు మందమున పరచి, దానిపై లోతులేని మట్టిమూకుళ్లు వరుసగా పెట్టి, కాచి చల్లార్చిన నీరు పోసెడివారు. చలికాలమున మబ్బులేని, గాలి కదలని రాత్రి గడచి తెల్లవారునప్పటికి ఆ నీటిపై మంచు కట్టెడిది. పొద్దు పొడువకముందే దానిని ఏరి, గడ్డి పరచిన లోతు గోతులలో దాచెడివారు. ఇందు నీటి వేడి నిర్మలాకాశములోనికి కిరణరూపమున పోవుచున్నది; చొప్ప భూమి వేడిని పైకి రానీయకున్నది; గాలి నిలిచియుండుటచే పై గాలి వేడి నీటిని చేరకున్నది. ఇట్టి రాత్రుల చల్లదనమునకు ఆకాశమునకు పోవు వికిరణమే కారణమని వెల్సు అను లండను వైద్యుడు మంచుబిందువులను గూర్చిన తన గ్రంథమున 1814లో స్పష్టపరచెను.

ఇక సముద్రము దాటిన మంచు కథ. అమెరికాలోని బోస్టను నగరమున ఫ్రెడరిక్ ట్యూడరు అను వర్తకుడుండెను. చలికాలమున అక్కడి చెరువులు గడ్డకట్టును. ఆ గడ్డలను కోసి ఉష్ణదేశములలో అమ్మవలెనని అతని యూహ. 1806లో మార్టినీకు ద్వీపమునకు ఓడ పంపెను. మంచు చేరినది గాని దాచుటకు అక్కడ కొట్టు లేకపోయెను. సరకు నీరై నష్టము వచ్చెను. జనులు నవ్విరి. అప్పులపాలై చెరసాలకును పోయెను. అయినను విడువక, ఏ కప్పు ఎంతకాలము మంచును నిలుపునో పరీక్షించుచు వచ్చెను. తుదకు రంపపు కోతల చోట వ్యర్థముగా పడియుండు పొట్టే ఉత్తమమని తేలెను. 1825లో నథానియల్ వైయెతు అనువాడు గుఱ్ఱములు లాగు మంచుకోత నాగలిని కల్పించెను. దానితో గడ్డలు ఇటుకలవలె చతురస్రములై, ఓడలో సందు లేకుండ పేర్చుటకు వీలాయెను. సందు లేనిచో గాలి తిరుగదు. గాలి తిరుగనిచో వేడి చొరదు.

1833 మే నెలలో టస్కనీ అను ఓడ 180 టన్నుల మంచుతో బోస్టనునుండి బయలుదేరెను. భూమధ్యరేఖను రెండుమారులు దాటి, నాలుగు నెలలు ప్రయాణించి, సెప్టెంబరులో కలకత్తా చేరునప్పటికి సుమారు 100 టన్నులు మిగిలియుండెను! ఇందు మంచు స్వభావము కూడ తోడ్పడినది. శేరు మంచును కరగించుటకు పట్టు వేడి, శేరు నీటిని సున్న డిగ్రీలనుండి ఇంచుమించు 80 డిగ్రీలవరకు కాచుటకు చాలును. ఈ గుప్తోష్ణమును కనుగొన్నవాడు 18వ శతాబ్దమునందలి జోసఫ్ బ్లాకు. ఇట్లు మంచు మెల్లగా కరగును; పొట్టు ఆ మెల్లదనమును మరింత పెంచును.

చెన్నపట్టణమున సముద్రపుటొడ్డున 1842లో ఇట్టి మంచును దాచుటకు కట్టిన గుండ్రని భవనము నేటికిని నిలిచియున్నది. 1897లో వివేకానందస్వామి అందు బస చేసిరి. ఇప్పుడది ఆయన పేరనే యున్నది. ఆ పేటను మాత్రము జనులు ఇంకను ఐస్ హౌస్ అనియే పిలుతురు. ఆనాడు మన ఆంధ్రతీరమునకును చెన్నపట్టణమే రాజధాని. అయినను ఆ మంచు ధనికుల పానపాత్రలు దాటి మన పల్లెలకు రాలేదు. మంచుచేయు యంత్రములు వచ్చిన పిదప ఆ వర్తకము అంతరించెను.

1892లో జేమ్సు డ్యూవరు రెండు గోడల సీసా చేయించి, గోడలనడుమ గాలిని తీసివేసి, లోపల వెండిపూత పూయించెను. గాలి లేమిచే వహన సంవహనములును, వెండి మెఱుగుచే వికిరణమును అడ్డగింపబడెను. మనము పాలు పోసికొను థర్మాసు ఫ్లాస్కు దాని సంతతియే.

పెద్దలారా, ఇది పాతకథ యని విడువకుడు. మన పల్లెలకు బిడ్డల టీకామందు మంచుపొట్లములతో కూడిన పెట్టెలో వచ్చును. ఆ పెట్టెగోడల లోపల చిన్న చిన్న అరలలో చిక్కిన గాలియే కావలి. ఆ మందులలో పెక్కింటిని 2 మొదలు 8 డిగ్రీల లోపల నుంచవలెను. వేడి తగిలినచో గుణము చెడును, చూచుటకు మాత్రము మార్పు కానరాదు. కావున ఆ పెట్టెను చెట్టునీడ నుంచనిండు. లోపలేమున్నదో చూతమని మాటిమాటికి మూత తీయువారిని మందలింపుడు. నేను మూట విప్పినది ఒక్కమారే. ఆ దినమున మా తండ్రిగారి తలకు మంచు కరవాయెను.