ఫారిన్ వెళ్తున్నారా? ఎయిర్‌పోర్టులో ‘డబ్బులేవి’ అని అడిగితే ఏం చూపించాలి.. ఏజెన్సీ కుటుంబాలకు అసలు చిక్కు ఇదే!

వీసా వచ్చింది, టికెట్ బుక్ అయింది, ఇక ఫ్లైట్ ఎక్కడమే మిగిలింది అనుకుంటారు చాలామంది. కానీ వీసా ఉన్నంత మాత్రాన ఎంట్రీ ఖాయం కాదు. దిగిన చోట ఇమిగ్రేషన్ అధికారి మూడు విషయాలు అడగొచ్చు. ఎందుకు వచ్చారు? ఎక్కడ ఉంటారు? ఖర్చులకు డబ్బులున్నాయా? సమాధానం నచ్చకపోతే వెనక్కి పంపే అధికారం వాళ్లకు ఉంటుంది.

2023 ఆగస్టులో అమెరికా ఒక్కసారే 21 మంది భారత విద్యార్థులను వెనక్కి పంపింది. వారిలో ఎక్కువ మంది తెలుగు రాష్ట్రాల వాళ్లే. అందరి దగ్గరా వీసాలు ఉన్నాయి.

భద్రాచలం నుంచి శంషాబాద్ రావాలంటేనే 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. చర్ల, దుమ్ముగూడెం లాంటి అడవి సరిహద్దు మండలాల నుంచి ఇంకా ఎక్కువ. అంత దూరం వచ్చాక కౌంటర్ దగ్గర ఆగిపోకూడదంటే డబ్బు రూల్స్ ముందే తెలుసుకోవాలి.

ఏ దేశానికి ఎంత?

థాయ్‌లాండ్: టూరిస్టు ఒక్కొక్కరికి 20,000 బాత్, కుటుంబానికి 40,000 బాత్ చూపించాలన్నది ఎంతో కాలంగా ఉన్న లెక్క.

దుబాయ్: విజిట్ వీసాపై వెళ్లేవాళ్ల దగ్గర 3,000 దిర్హాములు (నగదు లేదా క్రెడిట్ కార్డు), రిటర్న్ టికెట్, బస వివరాలు ఉండాలి. ఇవి లేవని 2024 మేలో మన ఎయిర్‌పోర్టుల్లోనే చాలామందిని ఆపేశారు.

ఫ్రాన్స్: హోటల్ బుకింగ్ ఉంటే రోజుకు 65 యూరోలు, లేకపోతే 120 యూరోలు.

జర్మనీ: విద్యార్థులు బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి. 2024 సెప్టెంబర్ నుంచి ఈ మొత్తం అమల్లోకి వచ్చింది.

ఆస్ట్రేలియా: 2024 మే నుంచి స్టూడెంట్ వీసాకు ఏడాది ఖర్చుల కింద 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు చూపించాలి. ఫీజు, ప్రయాణం దీనికి అదనం.

అమెరికా: అందరికీ ఒకే మొత్తం లేదు. యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20లో రాసిన ఖర్చుకు సరిపడా ఆధారాలు ఉండాలి.

మొత్తం క్యాష్‌గానే తీసుకెళ్లాలా?

అక్కర్లేదు, తీసుకెళ్లనివ్వరు కూడా. ఆర్‌బీఐ రూల్స్ ప్రకారం చాలా దేశాలకు ఒక ట్రిప్‌లో 3,000 డాలర్లకు సమానమైన విదేశీ నోట్లే తీసుకెళ్లొచ్చు. మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోవాలి. మన రూపాయి నోట్లు 25,000 దాటకూడదు. ఫారెక్స్ కొనేటప్పుడు 50,000 రూపాయల కంటే ఎక్కువైతే నగదు తీసుకోరు, బ్యాంకు ద్వారానే కట్టాలి. కొన్న రసీదు జాగ్రత్తగా పెట్టుకోవాలి.

అమెరికాలో దిగేటప్పుడు 10,000 డాలర్లకు మించి ఉంటే డిక్లేర్ చేయాలి. ఎక్కువ తీసుకెళ్లడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు.

భూమి ఉన్నా ‘ఫండ్స్’ లేనట్టే!

ఇక్కడే ఏజెన్సీ వాళ్లకు అసలు సమస్య. మైదాన ప్రాంతంలో పిల్లల్ని విదేశాలకు పంపేవాళ్లు పొలమో ఇల్లో తాకట్టు పెట్టి ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటారు. ఆ లోన్ లెటరే వీసాకు ఆధారం. భద్రాచలం ఏజెన్సీలో అది అంత ఈజీ కాదు.

పోడు పట్టా అటవీ హక్కుల చట్టం, 2006 కింద ఇచ్చేది. పిల్లలకు వారసత్వంగా వస్తుంది కానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి వీల్లేదు. మిగతా భూములకు 1/70 చట్టం ఉంది. అమ్మాల్సి వస్తే గిరిజనులకే అమ్మాలి. గిరిజనుల భూమిని కాపాడటానికే ఈ చట్టాలు వచ్చాయి. కానీ బ్యాంకు వేలం వేసి డబ్బు రాబట్టుకోలేని భూమికి తాకట్టుగా పెద్ద విలువ రాదు.

ఇంకొకటి, మిర్చి, పత్తి అమ్మిన డబ్బు వ్యాపారి దగ్గర పాత బాకీకి చెల్లయిపోతే బ్యాంకు ఖాతాలో కనిపించదు. ఏడాదంతా కష్టపడినా స్టేట్‌మెంట్ ఖాళీగానే ఉంటుంది.

షో మనీ.. వద్దంటే వద్దు

ఈ ఖాళీని చూసే కొందరు ఏజెంట్లు దిగుతారు. ‘కొన్ని రోజులు మీ అకౌంట్‌లో డబ్బు వేస్తాం, వడ్డీ ఇవ్వండి చాలు’ అంటారు. కానీ బ్రిటన్ స్టూడెంట్ వీసాకు ఆ డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఒక్కసారిగా వచ్చిపడిన పెద్ద మొత్తం ఎక్కడిదని ఎంబసీలు ఆరా తీస్తాయి. దొంగ కాగితాలు పెట్టి దొరికితే కెనడా 5 ఏళ్లు, బ్రిటన్ 10 ఏళ్ల వరకు రానివ్వవు. అప్పు మాత్రం ఇంటి మీదే మిగులుతుంది.

మరి దారేంటి?

* ఎడ్యుకేషన్ లోన్‌కు 7.5 లక్షల వరకు క్రెడిట్ గ్యారంటీ స్కీమ్ ఉంది. దాని కింద తాకట్టు అడగరు. బ్యాంకులో ఈ స్కీమ్ పేరు చెప్పి అడగాలి.

* ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల వరకు వస్తుంది. కానీ గుర్తుంచుకోండి, మొదటి విడత అక్కడ దిగినట్టు ఆధారం పంపాకే విడుదలవుతుంది. కాబట్టి దిగేనాటి ఖర్చులకు వేరే ఏర్పాటు ఉండాల్సిందే.

* వెళ్లే ఆలోచన ఉంటే కనీసం ఏడాది ముందు నుంచి పంట డబ్బు బ్యాంకులో పడేలా చూసుకోవాలి. మార్కెట్ యార్డు తక్‌పట్టీలు, మీసేవ ఆదాయ సర్టిఫికెట్ దాచిపెట్టాలి.

హ్యాండ్ బ్యాగ్‌లో ఇవి ఉండాలి

పాస్‌పోర్టు, వీసా, రిటర్న్ టికెట్ (విద్యార్థులకు అడ్మిషన్ లెటర్, ఫీజు రసీదు), బస అడ్రస్, లోన్ లేదా స్కాలర్‌షిప్ మంజూరు పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్, ఫారెక్స్ రసీదు. ఇవన్నీ చెక్ ఇన్ లగేజీలో పెడితే ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర చేతికి అందవు.

దేశాలు ఈ మొత్తాలను తరచూ మారుస్తుంటాయి. టికెట్ కొనేముందు ఏజెంట్ మాట కాకుండా ఆ దేశ ఎంబసీ వెబ్‌సైట్ చూసుకోవడం మేలు.