జనగామ – మహబూబాబాద్ – భూపాలపల్లి శిలల చరిత్ర

జనగామ నుంచి మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి దాకా పోయేవారి కాళ్ళ కింద సుమారు 250 కోట్ల ఏళ్ళ భూచరిత్ర ఉంది. జనగామలో గ్రానైటు, నైసు. మహబూబాబాద్ తూర్పు మండలాల్లో పాకాల శిలలు. భూపాలపల్లిలో వయసులో చిన్నవైన గోండ్వానా ఇసుకరాళ్ళు, బొగ్గు. 2016లో ఇవి మూడు జిల్లాలయ్యాయి గానీ, వీటి రాళ్ళు ఒకదానికొకటి చుట్టాలే.

భూగర్భంలో శిలాద్రవం నిదానంగా చల్లారితే గ్రానైటు అవుతుంది. ఆ నిదానం వల్లే అందులోని పలుకులు కంటికి ఆనేంత పెరుగుతాయి. జనగామ పొలాల్లో ఓ బండను కొత్తగా పగిలినచోట చూడండి: తెల్లగానో గులాబీగానో ఫెల్‌స్పార్, గాజులా మెరిసే పలుగు, నల్లటి అభ్రకం. వేడికి, ఒత్తిడికి లోనై ఇవే చారలు తేలితే నైసు. ఆ తర్వాత పగుళ్ళలోకి ఎగదన్నిన ద్రవం గట్టిపడి డోలరైటు అయింది. నల్లగుండ్లను ఎవరో వరసగా పేర్చినట్టు అది బారులు తీరి కనిపిస్తుంది.

పైనున్న రాయంతా కోసుకుపోయాకే ఈ గ్రానైటు వెలుగు చూసింది. బరువు దిగిన బండ ఉల్లిపొరల్లా విచ్చుకుంటుంది. సందుల్లో దిగిన నీరు ఫెల్‌స్పార్‌ను బంకమన్నుగా మారుస్తుంది. పలుగు మాత్రం లొంగదు, ఇసుకై మిగులుతుంది. ఊరి బాటల మీద పోసే మొరం చాలాచోట్ల ఇలా సగం దారిలో ఉన్న గ్రానైటే.

ఆ ఇసుక, ఆ బంకమన్ను కొట్టుకుపోయి నీటి అడుగున పొరలుగా పేరుకుంటే అవక్షేప శిలలు. నూరు కోట్ల ఏళ్ళకు పైబడిన పాకాల శిలలు అలా పుట్టినవే. వాటి అడుగుపొరల్లో పాత రాళ్ళ గులకలు ఇంకా ఇరుక్కుని ఉన్నాయి. తల్లిరాయి ఏదో చెప్పే సాక్ష్యం అంతకంటే అక్కర్లేదు. పూడుకుపోయి నొక్కుడు పడినచోట ఇసుకరాయి క్వార్ట్‌జైటుగా, బంకమన్ను పలకరాయిగా రూపు మార్చుకుంటాయి. ఆ తూర్పు మండలాల్లోనే ఉన్న, 2016లో ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లో కలిసిన బయ్యారం ఇనుపరాయికి పేరు పొందింది.

రాళ్ళు ఇలా ఒకదాన్నించి ఒకటి పుడతాయన్న ఆలోచనను భూవిజ్ఞాని జేమ్స్ హటన్ 1785లో ఎడిన్‌బరోలో వినిపించాడు. రాళ్ళు దాదాపు అన్నీ ఆదిసముద్రంలో పేరుకున్నవేనని జర్మన్ పండితుడు వెర్నర్ బోధిస్తున్న కాలమది. ఇక మన ప్రాంతానికొస్తే, హైదరాబాద్ రాజ్యపు రాళ్ళను తొలిగా పరిశీలించినవారిలో లాంబ్టన్ నడిపిన భూకొలతల సర్వేలో పనిచేసిన వైద్యుడు హెన్రీ వాయ్సీ ఒకడు; అతడు 1824లో మరణించాడు. 1851లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఏర్పడ్డాక అందులోని విలియం కింగ్ గోదావరి లోయ అంతా తిరిగి, 1881లో గ్రంథం వెలువరించాడు. కాకతీయుల పాకాల చెరువు పేరే పాకాల శిలలకు శాస్త్రనామమై స్థిరపడింది. చెరువు తవ్వించినవారు ఊహించని గౌరవమిది.

భూపాలపల్లి కథ సుమారు 30 కోట్ల ఏళ్ళ నాటిది. అప్పటికి ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా కలిసి ఉండేవి. ప్రాణహిత–గోదావరి లోయ పగుళ్ళ వెంట కుంగుతూ పోయింది. మొదట హిమానీనదాలు గుండ్లు వదిలిపోయాయి. ఆపైన చిత్తడినేలల్లో గ్లోసాప్టెరిస్ వంటి చెట్లు కూలి, గాలి సోకక కుళ్ళకుండా పేరుకుని, ఇసుక బరువు కింద బొగ్గయ్యాయి. లోయ కుంగడమే ఆ బొగ్గును కోతనుంచి కాపాడింది. ఇక్కడి సింగరేణి సంస్థ కాకతీయ భూగర్భ గనుల్లో కార్మికులు బొగ్గు తీసేటప్పుడు తలమీద కప్పుగా ఉండేది చాలామటుకు ఇసుకరాయే. గనుల్లో ప్రాణభయం ఎక్కువగా ఆ కప్పు గురించే.

ఇదే జిల్లా రేగొండ మండలం పాండవుల గుట్టల్లో ఇసుకరాయి ఒరిగి నీడ ఇచ్చినచోట ఆదిమానవులు జంతువుల బొమ్మలు గీశారు. కాకతీయ శిల్పులు రాయి గుణం బాగా ఎరిగినవారు. పొరుగున ములుగు జిల్లాలోని రామప్ప గుడి గోడలకు ఎర్రటి ఇసుకరాయి, మదనికల శిల్పాలకు నున్నగా తేలే నల్లరాయి ఎంచుకున్నారు.

కాళేశ్వరం దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. అక్కడి ఇసుకను దోసిట్లోకి తీసుకుంటే గాజుపలుకుల్లా మెరిసేది చాలామటుకు పలుగే.