కడుపుతో ఉన్నామెకు పుట్టగొడుగు కూర

పుట్టగొడుగు మన తిండే. పెనుకొండ కొండవాలుల్లో, ధర్మవరం, హిందూపురం చుట్టూ ఉన్న బీళ్లలో ఉరుములతో వాన పడితే, తండాల్లోనూ ఎరుకల, యానాది గూడేల్లోనూ అందరి చూపూ పుట్టల మీదికే పోతుంది. మనుస్మృతి అయిదో అధ్యాయం మాత్రం ఉల్లి, వెల్లుల్లితో పాటు దీన్నీ ద్విజులు తినరాదంది. సుశ్రుత సంహిత అలా కాదు. గడ్డి మీద, చెరకుపిప్పి మీద, పేడలో, వెదురు మీద, నేల మీద లేచినవి అంటూ చోటును బట్టి విడదీసింది. మన అవ్వల లెక్కా అదే: చూడ్డానికి ఎట్లుందని కాదు, యాడ లేచిందని.

చెదలు పుట్టలోపల ఆ బూజును తామే పెంచుకుంటాయి. అందుకే కాడ వేరులా లోతుకు దిగుతుంది. 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే హైమ్ ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. ఏటా అదే పుట్ట దగ్గరికి పోయే అవ్వకు ఆ పేరుతో పనిలేదు.

ఆ దారి ఎక్కడ తెగింది? 1882లో అనంతపురం జిల్లా ఏర్పడింది. మద్రాసు అటవీ చట్టం వచ్చిందీ ఆ ఏడే. రిజర్వు అడవిలోకి పోవడం నేరమైనప్పుడు, అవ్వ వెంట మనవరాలు నడిచే బడి కూడా మూతపడింది. తర్వాత కరువులు, బెంగళూరు కూలి. ఇప్పుడు షెడ్డు పక్కన గడ్డిలో తెల్లగా లేచినదాన్ని చూసి, ఇది మా ఊరిదే అనుకునే ఆడకూతురికి చోటు గుర్తు లేదు. గడ్డిలో లేచే ఒక రకం ముదిరితే గొడుగు కింద ఆకుపచ్చగా మారుతుంది. అది తింటే కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు. మామూలు మనిషి తట్టుకోవచ్చు. కడుపుతో ఉన్నామె ఒంట్లో నీరు పోతే బిడ్డకూ ముప్పే.

అంతకన్నా చెడ్డవి కొన్ని కాలేయాన్ని పాడుచేస్తాయి. తిన్న 6 నుంచి 24 గంటలదాకా ఏమీ తెలియదు. వాంతులయ్యాక తగ్గినట్టే ఉండి, ఆపై కామెర్లు. ఎంత ఉడికించినా ఆ విషం పోదు. వెండి ఉంగరం నల్లబడితే విషమనడం, పురుగు కొరికితే మంచిదనడం ఉత్త మాటలు.

కాబట్టి ఆ తొమ్మిది నెలలూ బీళ్లలో ఏరినవి వద్దు. పెంచినవి తినొచ్చు, బాగా ఉడికించి. పచ్చివి వద్దే వద్దు. 2016 నుంచి 2019 దాకా అమెరికాలో ఎనోకీ అనే పెంపకపు పుట్టగొడుగుల్లో లిస్టీరియా క్రిమి చేరి 36 మందికి జబ్బు చేసింది, నలుగురు చనిపోయారు, ఇద్దరు తల్లులు కడుపులో బిడ్డను పోగొట్టుకున్నారు. బాగా ఉడికితే ఆ క్రిమి చస్తుంది. రక్తం పడుతుందని దీన్నే నమ్ముకోవద్దు. నూటికి 90 పాళ్లు నీళ్లే, మాంసకృత్తులు సుమారు 3 గ్రాములు. అంగన్‌వాడీ గుడ్డు, ఐరన్ మాత్ర మానకూడదు.

ఎవరైనా ఏరి తెచ్చినది తిని వాంతి చేసుకుంటే పసరు పోస్తూ కూర్చోకండి. తగ్గినట్టున్నా ఆసుపత్రికి తీసుకుపోండి. మిగిలిన గొడుగు ముక్కను కాగితంలో చుట్టి వెంట పట్టుకుపోండి, ఎన్ని గంటలకు తిన్నదో డాక్టరుకు చెప్పండి.